పాత మీటర్లు, కొత్త స్క్రీన్: పడవలో అన్నీ ఒకే తాటి మీదకి తేవాలా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది కాకినాడ. పదకొండేళ్లుగా సియాటిల్‌లో ఉంటున్నాం. పోయిన వేసవిలో నేనూ మావారూ కలిసి 1988లో కట్టిన 33 అడుగుల తెరచాప పడవ సెకండ్‌హ్యాండ్‌లో కొని షిల్‌షోల్ బే మరీనాలో పెట్టుకున్నాం. అందులో లోతు, వేగం, గాలి చూపించే ఎస్‌టీ60 మీటర్లు మూడు, స్టీరింగ్ చక్రానికి బిగించిన ఆటోపైలట్ ఒకటి ఉన్నాయి. దాదాపు పాతికేళ్ల నాటివి, కానీ ఇప్పటికీ పనిచేస్తున్నాయి. మేం కొత్తగా 9 అంగుళాల చార్ట్‌ప్లాటర్ (సముద్రపు మ్యాప్ మీద పడవ ఎక్కడుందో చూపించే స్క్రీన్), క్లాస్ బి ఏఐఎస్ ట్రాన్స్‌పాండర్ (మన పడవ ఎక్కడుందో చుట్టుపక్కల ఓడలకి, అవి ఎక్కడున్నాయో మనకి చెప్పేది) కొన్నాం. పాత ఓనరు వదిలి వెళ్లిన, ఓడలతో మాట్లాడే వీహెచ్ఎఫ్ రేడియో కూడా ఉంది, ఆన్ చేసిన ప్రతిసారీ 'నో జీపీఎస్' అని కూస్తుంది. వీటన్నిటినీ కలపడానికి ఒక టెక్నీషియన్ ఇచ్చిన ఎస్టిమేట్ చూసి టెన్షన్ వచ్చింది. పాతవన్నీ పీకేసి అన్నీ కొత్తవే పెట్టేద్దాం అంటారు మావారు. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను, వైర్లంటే భయం లేదు. కానీ ప్యానెల్ తీసి చూస్తే ఏ తీగ ఎక్కడికి పోతుందో అర్థం కాలేదు. ఆగస్టులో శాన్ వాన్ దీవులకి, వీలైతే కెనడాలో విక్టోరియా దాకా వెళ్లాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట "ఇప్పటికీ పనిచేస్తున్నాయి" అన్నది. పాతికేళ్లు ఉప్పుగాలిలో నానుతూ కూడా సరిగ్గా చెబుతున్న మీటరుని పీకి పారేయమని నేను చెప్పలేను. మీవారికి నా మాటగా చెప్పండి, పాతవి ఉండనివ్వండి. ఆ డబ్బు మంచి తీగలకీ, తీగ కొసకి కనెక్టరు నొక్కి బిగించే ఒక మంచి క్రింపింగ్ టూలుకీ పెట్టండి.

అయితే అన్నిటినీ అన్నిటితో కలిపెయ్యాలన్న తొందర కూడా వద్దు. నేను సరుకు ఓడల మీద రేడియో ఆఫీసరుగా చేరి, ఎలక్ట్రికల్ ఆఫీసరుగా రిటైరయ్యాను. ఆ తర్వాత కొన్నేళ్లు కొచ్చిలో ఆగే విదేశీ తెరచాప పడవలకి వైరింగ్ పనులు చేశాను. ఒక చిన్న పరికరం పాడైతే దానితోపాటు బోర్డు మీద ఉన్నవన్నీ నోరు మూసుకున్న పడవలు చాలా చూశాను. అన్నిటినీ ఒకే గొలుసులో కట్టెయ్యడం వల్ల వచ్చిన తంటా అది. మీ పడవలో అలా జరగకూడదు. ఏవి కలవకపోతే ప్రాణం మీదకి వస్తుందో వాటిని ముందు కలుపుదాం. ఏది విడిగా ఉంటే ఆపదలో అక్కరకొస్తుందో దాన్ని దాని కాళ్ల మీద నిలబడనిద్దాం.

ముందు మీ పడవలో పరికరాలు మాట్లాడుకునే భాషలు ఎన్ని ఉన్నాయో చెబుతాను. మూడు ఉన్నాయి.

ఎస్‌టీ60 మీటర్లు, ఆటోపైలట్ మాట్లాడేది సీటాక్ అనే పాత భాష. ప్యానెల్ వెనక మూడు తీగల సన్న కేబుల్ కనిపిస్తుంది. ఎర్రది 12 వోల్టులు, పసుపుది డేటా, పైన చుట్టిన అల్లిక తీగ నెగటివ్. ఒక మీటరు నుంచి ఇంకో మీటరుకి పూలదండలా గుచ్చుకుంటూ పోతుంది. మీ వీహెచ్ఎఫ్ రేడియోది ఎన్ఎంఈఏ 0183 (ఎన్ఎంఈఏ అంటే ఈ ప్రమాణం తయారుచేసిన అమెరికా సముద్ర ఎలక్ట్రానిక్స్ సంఘం). ఇది 1983లో వచ్చింది, పేరులోనే ఉంది సంవత్సరం. ఇందులో ఒకరే మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు. సెకనుకి 4,800 బిట్ల వేగం. డాలర్ గుర్తుతో మొదలయ్యే మామూలు అక్షరాల వాక్యాలు పోతుంటాయి. మీరు సాఫ్ట్‌వేర్ మనిషి కాబట్టి ఒక యూఎస్‌బీ అడాప్టర్‌తో లాప్‌టాప్‌కి తగిలించి చూడండి. అక్షాంశం, రేఖాంశం, టైము కళ్లముందు పరుగెడుతుంటే ఆ ముచ్చటే వేరు. ఏఐఎస్ సమాచారం కూడా ఈ భాషలోనే పోగలదు, కానీ వేగం 38,400, వాక్యం డాలరుతో కాక ఆశ్చర్యార్థక గుర్తుతో మొదలవుతుంది.

మీరు కొత్తగా కొన్న ప్లాటరు, ఏఐఎస్ మాట్లాడేది ఎన్ఎంఈఏ 2000. కార్లలో వాడే క్యాన్ బస్ పద్ధతే ఇది. వేగం సెకనుకి రెండున్నర లక్షల బిట్లు. ఒకే జత తీగల మీద అందరూ మాట్లాడొచ్చు, అందరూ వినొచ్చు. ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే ముఖ్యమైన మాట ఉన్నవాడు కొనసాగుతాడు, రెండోవాడు ఆగి మళ్లీ మొదలుపెడతాడు. ఒక నెట్‌వర్క్‌లో 50 పరికరాల దాకా పెట్టుకోవచ్చు. మీకు అరడజను కూడా ఉండవు.

ఈ మూడూ ఒకదానికొకటి అర్థం కావు. వేర్వేరు భాషల తీగల్ని నేరుగా కలిపితే పనిచేయకపోవడమే కాదు, లోపల చిప్ కాలిపోవచ్చు కూడా. అందుకే మధ్యలో దుబాసీలు కావాలి. వాటి సంగతి తర్వాత.

ఇప్పుడు పని. మొదటి శనివారం స్క్రూడ్రైవర్ పట్టుకోకండి, కాగితం, పెన్సిలు పట్టుకోండి. ఒకరు ప్యానెల్ దగ్గర తీగని మెల్లగా లాగండి, ఇంకొకరు రెండో చివర ఏది కదిలిందో చూడండి. ప్రతి తీగ రెండు చివరలా ఒకే నంబరు అంటించండి. ఏ పరికరం ఎక్కడుంది, దాని పవర్ ఎక్కడి నుంచి వస్తోంది, ఎన్ని ఆంపియర్ల ఫ్యూజు ఉంది, డేటా ఎటు పోతోంది, అన్నీ బొమ్మ గీయండి. ఎటూ పోని తీగలు కచ్చితంగా నాలుగైదు దొరుకుతాయి. పాత ఓనర్లు పరికరం తీసేస్తారు కానీ తీగ వదిలేస్తారు. దానికి రెండో చివర కరెంటు లేదని మల్టీమీటరుతో చూసుకున్నాకే తీసెయ్యండి.

అలా లాగుతున్నప్పుడు తీగల కొసలు దగ్గరగా చూడండి. పైన ప్లాస్టిక్ తొడుగు శుభ్రంగానే ఉంటుంది. అంగుళం ఒలిచి చూస్తే లోపల పోగులు శుభ్రంగా మెరవాలి. మన ఇళ్లలో తోమని రాగి చెంబుకి పట్టినట్టు పచ్చటి చిలుము పొడిపొడిగా రాలితే ఆ తీగ పనికిరాదు. సముద్రపు తేమ ఆ సన్న పోగుల మధ్యలోంచి పైకి పాకుతుంది, ఒక్కోసారి అడుగు దూరం ఒలిచినా చిలుము తగ్గదు. అలాంటిది మళ్లీ క్రింప్ చేసి లాభం లేదు. పడవలకని అమ్మే తగరం పూత ఉన్న తీగ కొత్తది వేయండి. సన్న పోగులు చాలా ఉండే రకం కావాలి. ఇంటి గోడల్లో వేసే ఒకే పోగు గట్టి తీగ పడవ కుదుపులకి విరుగుతుంది. ఇంట్లో అలవాటుగా చేసినట్టు రెండు కొసలు మెలేసి టేపు చుట్టే పని మాత్రం అసలు వద్దు. వేడి చేస్తే ముడుచుకుని బిగుసుకునే, లోపల జిగురు ఉండే హీట్‌ష్రింక్ తొడుగుతో క్రింప్ చేసుకోండి, నీళ్లు దూరవు.

బొమ్మ అయ్యాక మొట్టమొదట ఆలోచించాల్సింది చార్ట్‌ప్లాటర్ సొగసుల గురించి కాదమ్మా. ఆ కూస్తున్న రేడియో.

మీ వీహెచ్ఎఫ్ మీద మూత కింద ఒక ఎర్ర బటన్ ఉంటుంది. పడవ మునుగుతోందనుకోండి, మూత ఎత్తి దాన్ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే 70వ ఛానెల్ మీద డిజిటల్‌గా ఆపద సందేశం పోతుంది. చుట్టుపక్కల ఓడలన్నిటి రేడియోలూ, కోస్ట్‌గార్డ్ రేడియో కూడా మోగుతాయి. ఆ సందేశంలో మీ పడవ నంబరు, దానితోపాటు మీరు ఎక్కడున్నారో పోవాలి. మీ రేడియోకి జీపీఎస్ అందడం లేదు కాబట్టి ఇప్పుడు నొక్కితే 'ఆపదలో ఉన్నాం' అని మాత్రమే పోతుంది, ఎక్కడున్నారో పోదు. పొగమంచులో, చలికి వణుకుతూ, అక్షాంశ రేఖాంశాలు నోటితో చదివే పరిస్థితి మీకు రాకూడదు. రెండు తీగలు కలిపితే ఆ కష్టం తీరుతుంది. వేల డాలర్ల ప్లాటరు కన్నా ఆ రెండు తీగలే ముఖ్యమని నా గట్టి నమ్మకం.

ఎలా కలపాలంటే, మీ ప్లాటరుకి 0183 అవుట్‌పుట్ ఉందో లేదో మాన్యువల్‌లో చూడండి. ఉంటే దాని అవుట్ ప్లస్‌ని రేడియో ఇన్ ప్లస్‌కి, అవుట్ మైనస్‌ని ఇన్ మైనస్‌కి కలపండి. అవుట్ ఎప్పుడూ ఇన్‌లోకే పోవాలి, చాలామంది ఇక్కడే పొరపాటు పడి అవుట్‌ని అవుట్‌కి కలుపుతారు. రెండు చివరలా వేగం 4,800 అని సెట్ చేయండి. తీగల రంగులు నమ్మకండి, ఒక్కో కంపెనీది ఒక్కో వరస. మాన్యువల్ పట్టికే ప్రమాణం. ప్లస్ మైనస్ తారుమారైతే రేడియోకి ఏమీ అర్థం కాదు, అంతే. మార్చి కలిపి చూడండి. పవర్ తీగల విషయంలో మాత్రం ఈ ధైర్యం పనికిరాదు. ప్లాటరుకి 0183 లేకపోతే ఎన్ఎంఈఏ 2000 నుంచి 0183కి మార్చే చిన్న పెట్టె ఒకటి కొనుక్కోవాలి. సరిగ్గా కుదిరిందనడానికి గుర్తు, రేడియో స్క్రీన్ మీద అక్షాంశ రేఖాంశాలు, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) టైము కనిపిస్తాయి, కూత ఆగిపోతుంది.

ఇంకో మాట, విక్టోరియా అన్నారు కాబట్టి. రేడియోకీ ఏఐఎస్‌కీ ఎంఎంఎస్ఐ అనే తొమ్మిది అంకెల పడవ గుర్తింపు నంబరు ఎక్కించాలి, రెండిటికీ ఒకటే నంబరు. అమెరికాలో కొన్ని బోటింగ్ సంస్థలు ఇచ్చే నంబర్లు దేశం లోపల తిరగడానికే. కెనడా నీళ్లలోకి వెళ్లేవాళ్లు అమెరికాలో రేడియో లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ దగ్గర షిప్ స్టేషన్ లైసెన్సు తీసుకుని, దానితో వచ్చే నంబరు వాడాలి. మీ పేరు మీద ఆపరేటర్ పర్మిట్ కూడా కావాలి, దానికి పరీక్షేమీ లేదు. అమెరికాలో క్లాస్ బి ఏఐఎస్‌లోకి ఈ నంబరుని కొన్నవాళ్లు సొంతంగా ఎక్కించకూడదు, అమ్మినవాళ్లే ఎక్కించాలి. ఒకసారి ఎక్కాక మార్చడం పెద్ద తతంగం. అందుకని పాత ఓనరు నంబరో, తాత్కాలికంగా ఏదో ఒకటో వేయించకండి. ముందు లైసెన్సు, తర్వాతే నంబరు.

రేడియో పని అయ్యాక టెస్ట్ చేయడానికి ఎర్ర బటన్ ముట్టుకోవద్దు. మెనూలో 'టెస్ట్ కాల్' అని ఉంటుంది. దాన్ని అమెరికా కోస్ట్‌గార్డ్ టెస్ట్ నంబరు 003669999కి పంపండి. వాళ్ల కంప్యూటరు దానంతట అదే జవాబిస్తుంది. ఆ జవాబు వచ్చిన రోజు రాత్రి మీరు హాయిగా నిద్రపోవచ్చు.

ఇక అసలు నెట్‌వర్క్. కాకినాడ మనిషికి ఇది చెప్పడం తేలిక. ధవళేశ్వరం నుంచి మీ ఊరిదాకా వచ్చే కాలువని తలుచుకోండి. ప్రధాన కాలువ ఒకటే, దానికి పక్కల నుంచి పొలాలకి పిల్ల కాలువలు. ఎన్ఎంఈఏ 2000 కూడా అంతే. వెన్నెముకలాంటి ప్రధాన కేబుల్ ఒకటి, దాని మీద 'టీ' ముక్కలు, ఒక్కో టీ నుంచి ఒక్కో పరికరానికి పిల్ల కేబుల్. ప్రధాన కేబుల్ సన్నరకం అయితే 100 మీటర్లు దాటకూడదు, మీకు ఆ బెంగ లేదు. పిల్ల కేబుల్ ఏదీ 6 మీటర్లు మించకూడదు. ప్రధాన కాలువని ఎక్కడా గుండ్రంగా తిప్పి తనలోనే కలపకూడదు. పిల్ల కాలువ మీద ఇంకో పిల్ల కాలువ తవ్వకూడదు.

రెండు చివరలా తప్పనిసరిగా ఒక్కో టెర్మినేటర్ ఉండాలి. 120 ఓమ్‌ల రెసిస్టరే అది, చూడ్డానికి ఒక మూతలా ఉంటుంది. ఎందుకంటే, మూసిన తలుపుకి తగిలిన నీటి అల వెనక్కి తిరిగి, ఎదురొచ్చే అలతో కలిసి గందరగోళం చేస్తుంది చూడండి, తీగలో సిగ్నలూ అంతే. చివర ఆ రెసిస్టరు ఉంటే అల అక్కడే ఇంకిపోతుంది.

మీ పడవకి నేనైతే నావిగేషన్ టేబుల్ వెనక నుంచి పడవ నడిపే కాక్‌పిట్ దాకా ఆరేడు మీటర్ల ప్రధాన కేబుల్ వేస్తాను. టేబుల్ దగ్గర వరుసగా పవర్‌కి ఒక టీ, ఏఐఎస్‌కి ఒకటి, 0183 పెట్టె కొన్నట్టయితే దానికి ఒకటి, సీటాక్ కన్వర్టర్‌కి చోటు. కాక్‌పిట్ చివర ప్లాటరుకి ఒకటి, రేపటి కోసం ఖాళీగా ఒకటి. పవర్ ఒక్కచోటి నుంచే ఇవ్వాలి, 3 ఆంపియర్ల ఫ్యూజుతో, ఈ నెట్‌వర్క్‌కి మాత్రమే ఉండే స్విచ్ ద్వారా. అదీ ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీ నుంచి కాదు, లైట్లు, ఫ్రిజ్ నడిచే బ్యాటరీ నుంచి. ఇంజన్ తిప్పినప్పుడు వోల్టేజి ఒక్కసారిగా పడిపోతుంది, సరిగ్గా అప్పుడే ప్లాటరు ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. రేవులోంచి బయటికి వచ్చేటప్పుడు అది మంచిది కాదు. ప్లాటరు పవర్ ఎటూ దాని సొంత కేబుల్ మీదే వస్తుంది. నెట్‌వర్క్ మీద ఒక్కో పరికరం ఎంత లాగుతుందో 'ఎల్ఈఎన్' అని మాన్యువల్‌లో రాసి ఉంటుంది, ఒక ఎల్ఈఎన్ అంటే 50 మిల్లీ ఆంపియర్లు. అన్నీ కూడి చూసుకోండి. మీకు ఒక ఆంపియరు కూడా దాటదు.

కేబుళ్లన్నీ బిగించాక, పవర్ ఇవ్వకముందు చేసే పని ఒకటుంది. నాకు ఈ పనిలో ఎంతో ఇష్టమైన క్షణం అది. మల్టీమీటరుని ఓమ్‌ల మీద పెట్టండి. ఒక ఖాళీ టీ తీసుకుని, అందులో తెల్ల తీగ పిన్నుకీ నీలం తీగ పిన్నుకీ మధ్య కొలవండి. 60 రావాలి. ఒకటి రెండు అటూ ఇటూ ఉన్నా ఫరవాలేదు. రెండు 120లు పక్కపక్కన ఉంటే 60 అవుతుంది, అదే లెక్క. 120 చూపిస్తే ఒక టెర్మినేటర్ లేదు, లేదా మధ్యలో ఎక్కడో కేబుల్ తెగింది. 40 చూపిస్తే ఎవరో మూడోది తగిలించారు, కొన్ని పరికరాల లోపలే ఒకటి ఉంటుంది, దాన్ని చూసుకోవాలి. సున్నాకి దగ్గరగా ఉంటే రెండు తీగలు ఎక్కడో ఒకదానికొకటి ఆనుకున్నాయి. ఎన్నో పడవల్లో రోజంతా మెనూలు తిప్పి తిప్పి విసిగిపోయిన వాళ్లకి ఈ ఒక్క కొలతతో తప్పు దొరికింది. ఆ 60 కనిపించాక పవర్ ఇవ్వండి. పరికరాల్ని ఒక్కొక్కటే తగిలించండి. ఒకటి పెట్టి, అది ప్లాటరు జాబితాలో కనిపించాక రెండోది పెట్టండి. అన్నీ ఒక్కసారే గుచ్చేస్తే ఏది అల్లరి చేస్తోందో తెలియదు.

ఇప్పుడు పాత మీటర్ల సంగతి. ఎస్‌టీ60లు తయారుచేసిన రేమెరీన్ వాళ్లే సీటాక్ నుంచి వాళ్ల కొత్త సీటాక్ ఎన్‌జీకి మార్చే చిన్న కన్వర్టర్ అమ్ముతారు. సీటాక్ ఎన్‌జీ అంటే లోపల ఎన్ఎంఈఏ 2000యే, ప్లగ్గు ఆకారమే వేరు. మామూలు గుండ్రటి అయిదు పిన్నుల ప్లగ్గుకి మార్చే అడాప్టర్ కేబుల్ దొరుకుతుంది. మీరు కలపాల్సిన దుబాసీ ఇదే. దీనివల్ల లోతు, నీటిలో వేగం, గాలి మీ కొత్త స్క్రీన్ మీదకి వస్తాయి.

ఇక్కడే నేను మొదట్లో అన్న మాట గుర్తుచేసుకోండి. ఈ కన్వర్టర్ పాత మీటర్లకి పవర్ కూడా ఇవ్వగలదు, చాలామంది అలాగే వదిలేస్తారు. మీరు అలా చేయకండి. మీ మీటర్లకి, ఆటోపైలట్‌కి ఇప్పుడున్న సొంత పవరూ సొంత స్విచ్చూ అలాగే ఉంచి, కన్వర్టర్ నుంచి సీటాక్ వైపు వెళ్లే ఎర్ర తీగని విడదీసి, కొసకి తొడుగు వేసి కట్టేయండి. పసుపుది, అల్లిక తీగ మాత్రం కలపండి. రెండు వైపుల నుంచి పవర్ కలవకూడదన్నది ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, రేపు కొత్త నెట్‌వర్క్ ఏ కారణంతోనైనా పడిపోతే దాని స్విచ్ కట్టేయండి చాలు. పాత మూడు మీటర్లూ లోతు, వేగం, గాలి చూపిస్తూనే ఉంటాయి. ఆటోపైలట్ తన దిక్సూచితో నడిపిస్తూనే ఉంటుంది. ప్లాటరు చీకటైపోయినా కింద ఎన్ని అడుగుల నీళ్లున్నాయో తెలుస్తూ ఉంటే మనిషికి ధైర్యం ఉంటుంది. మీవారు అన్నట్టు అన్నీ కొత్తవి పెట్టి ఉంటే ఆ ఆసరా ఉండేది కాదు.

ప్లాటరులో గీసిన రూటు ప్రకారం పాత ఆటోపైలట్ దానంతట అది మలుపులు తిరుగుతుందా అంటే, అన్ని ప్లాటర్లతో కుదరదు. కుదిరితే సంతోషం. కుదరకపోతే దిగులుపడకండి. ఒక దిక్కు ఇచ్చి పట్టమంటే పడుతుంది, మలుపు దగ్గర మీరే బటన్ నొక్కి తిప్పుతారు. ఫెర్రీలూ కంటెయినర్ ఓడలూ తిరిగే మీ సియాటిల్ సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లో ప్రతి మలుపు ముందూ మనిషి తలెత్తి చుట్టూ చూడటమే నాకు ఇష్టం.

ఆటోపైలట్ గురించి ఇంకొకటి. దాని దిక్సూచి ఎక్కడ బిగించారో ఈ శనివారమే వెతకండి. మంచం కిందో అల్మారా లోపలో ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలా ఉంటుంది. కొచ్చిలో ఒక జంట తమ ఆటోపైలట్‌కి పిచ్చి పట్టిందని నన్ను పిలిచారు. రేవు వదిలిన మొదటి వారం ఇరవై డిగ్రీలు పక్కకి పోతుంది, పోనుపోను అదే కుదురుకుంటుంది అన్నారు. తీగలన్నీ చూశాను, వోల్టేజి చూశాను, ఏమీ లేదు. సాయంత్రం టీ తాగుతుంటే ఆవిడ సీటు కింద అర తెరిచి టమాటా డబ్బాలు బయటికి తీసింది. దిక్సూచి ఆ అర గోడకి అవతలివైపే ఉంది. బయల్దేరేటప్పుడు ముప్ఫై ఇనుప డబ్బాలు దాని పక్కనే, వారాలు గడిచి అవి తిన్న కొద్దీ దిక్సూచి మామూలైపోతోంది. మీ దిక్సూచి చుట్టూ కనీసం ఒక మీటరు దూరం ఇనుము, స్పీకర్లు, పనిముట్ల పెట్టె లేకుండా చూసుకోండి. ఆ తర్వాతే మాన్యువల్ చెప్పినట్టు ప్రశాంతమైన నీళ్లలో నెమ్మదిగా గుండ్రంగా తిప్పి సరిచేయండి.

అన్నీ కలిశాక అంకెలు కనిపిస్తాయి, కానీ కనిపించిన అంకె నిజమని అప్పుడే నమ్మకండి. ముందు వేగం మీటరు సంగతి తేల్చండి. పడవ అడుగున తిరిగే చిన్న చక్రానికి నాచు, పీతగవ్వలు పట్టి అది ఆగిపోతుంది. అది ఆగితే పోయేది వేగం ఒక్కటే కాదు. తెరచాప స్తంభం (మాస్ట్) పైన ఉన్న గాలి మీటరు కొలిచేది పడవ మీద తగిలే గాలిని. మీరు గాలికి ఎదురుగా 6 నాట్స్‌తో (నాట్ అంటే గంటకి ఒక సముద్రపు మైలు) పోతుంటే, 10 నాట్స్ గాలి మీకు 16గా తగులుతుంది. అందులోంచి పడవ వేగం తీసేసి అసలు గాలి 10 అని యంత్రం లెక్క కడుతుంది. చక్రం ఆగి వేగం సున్నా అని వస్తే అసలు గాలే 16 అని చూపిస్తుంది. మీరేమో తెరచాప కుదించాలా వద్దా అని అనవసరంగా హైరానా పడతారు. నెలకోసారి ఆ చక్రాన్ని లోపలికి లాగి పాత టూత్‌బ్రష్‌తో తోమండి. లాగినప్పుడు నీళ్లు చిమ్ముకుంటూ వస్తాయి, పక్కనే ఉండే మూతని చేతిలో సిద్ధంగా పట్టుకుని లాగండి.

వేగం సరిగ్గా ఉంటే ఇంకో లాభం ఉంది. నీటిలో మీ వేగం 5, జీపీఎస్ చెప్పే నేల మీద వేగం 3 అయితే, 2 నాట్స్ ప్రవాహం మీకు ఎదురొస్తోందన్నమాట. మీ దారిలో అడ్మిరాల్టీ ఇన్‌లెట్ దగ్గర ఇది రోజూ అవసరపడుతుంది. డిసెప్షన్ పాస్ అనే ఇరుకు జలసంధిలో ప్రవాహం ఒక్కోసారి 8 నాట్స్ దాకా పోతుంది, మీ పడవ ఇంజను దానికి ఎదురీదలేదు. కొత్త స్క్రీన్ మీద ఈ రెండు వేగాలూ పక్కపక్కన పెట్టుకోండి. పాతవాటినీ కొత్తవాటినీ కలిపినందుకు దక్కే అసలు లాభం నా లెక్కలో ఇదే.

ఇప్పుడు మీ దగ్గర జీపీఎస్‌లు రెండు అయ్యాయి, ఒకటి ప్లాటరులో, ఒకటి ఏఐఎస్‌లో. ప్లాటరు సెట్టింగ్స్‌లో దేన్ని నమ్మాలో మీరే ఎంచి పెట్టండి, ఆటోమేటిక్‌గా వదిలేస్తే అటూ ఇటూ గెంతుతుంది. 0183 పెట్టె కొంటే అది రేడియో వైపు మాట్లాడటానికి మాత్రమే పెట్టండి. రెండు వైపులా తెరిస్తే ఒకరు చెప్పిన మాటే తిరిగి వాళ్లకే చేరి, పాత పొజిషన్ కొత్తదై కూర్చుంటుంది.

ఏఐఎస్ యాంటెనాని రేడియో యాంటెనాతో కలిపే ఉద్దేశం ఉంటే, ఏఐఎస్ కోసమే చేసిన స్ప్లిటర్ కొనండి. మామూలు టీవీ కేబుల్ జాయింటులా టీ వేస్తే ఒకటి ప్రసారం చేసినప్పుడు రెండోది కాలిపోతుంది. నన్నడిగితే వెనక రెయిలింగ్ మీద ఏఐఎస్‌కి విడిగా చిన్న యాంటెనా పెట్టండి. మాస్ట్ విరిగి రేడియో యాంటెనా పోయినా ఇంకోటి ఉంటుంది.

ఆగస్టులో మీ వైపు పొద్దున్నే పొగమంచు కమ్ముతుంది. అప్పుడు సియాటిల్, టకోమా వెళ్లే ఓడలన్నీ స్క్రీన్ మీద త్రికోణాలుగా కనిపిస్తాయి, ధైర్యంగానే ఉంటుంది. కానీ పెద్ద ఓడ క్లాస్ ఎ ఏఐఎస్ కదులుతున్నంతసేపూ 2 నుంచి 10 సెకన్లకోసారి చెబుతుంటే, మామూలు క్లాస్ బి 30 సెకన్లకోసారే చెబుతుంది. మీరు మలుపు తిరిగిన సంగతి ఆ ఓడకి వెంటనే తెలియదు. చిన్న పడవలు చాలావాటికి ఏఐఎస్ ఉండదు, నీళ్లలో తేలే పెద్ద పెద్ద దుంగలకి అసలే ఉండదు. మంచులో ఒకరు స్క్రీన్ చూడండి, ఒకరు ముందు నిలబడి నీళ్లని చూడండి. ఆపద పిలుపులు వచ్చే 16వ ఛానెల్‌తో పాటు అక్కడి ఓడల ట్రాఫిక్ వాళ్ల 14వ ఛానెల్ కూడా వింటూ ఉండండి. ఏ ఓడ ఎటు తిరుగుతోందో మాటల్లో వినిపిస్తుంది.

ఆ టెక్నీషియన్‌ని పూర్తిగా వద్దనకండి. తీగలు, బొమ్మ, క్రింపులు మీరే చేసుకుని, చివర్లో రెండు గంటలు వచ్చి ఫ్యూజులు, బ్యాటరీ దగ్గర కనెక్షన్లు చూసి వెళ్లమని అడగండి. దానికి డబ్బులివ్వడం దండగ కాదు. పనంతా అయ్యాక మీరు గీసిన బొమ్మని శుభ్రంగా మళ్లీ గీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నావిగేషన్ టేబుల్ మూత లోపలివైపు అంటించండి. కన్వర్టర్ దగ్గర ఎర్ర తీగ ఎందుకు విడదీసి ఉందో దాని పక్కనే ఒక వాక్యం రాయండి. లేకపోతే పదేళ్ల తర్వాత ఎవరో వచ్చి, పాపం ఊడిపోయిందనుకుని కలిపేస్తారు.

ముందు ఆ 60 ఓమ్‌లు కొలిచి ఎంత వచ్చిందో రాయండి.